వైజాగ్ ల్యాబ్‌లో బయాప్సీ స్లైడ్లు మళ్లీ చదివించాం, 4 స్టార్లు (మాది పర్లాకిమిడి)

మా అప్పకి (అక్కకి) కిడ్నీ మీదుండే ఎడ్రినల్ గ్రంథిలో 9 సెంటీమీటర్ల గడ్డ. ఆపరేషన్ వేరే ఊళ్లో వేరే ఆస్పత్రిలో అయింది, గడ్డ మొత్తం వచ్చేసిందన్నారు, బానే ఉంది. కానీ డిశ్చార్జ్ రోజు చేతిలో పెట్టిన బయాప్సీ రిపోర్టు మూడంటే మూడు లైన్లు. ఎడ్రినల్ కార్టికల్ కార్సినోమా (ఆ గ్రంథి పైపొరకి వచ్చే క్యాన్సర్) అని రాసి సంతకం పెట్టీసేరు. మళ్లీ వస్తాదా అని అడిగితే దేవుడి దయ అన్నారు. ఆ ముక్క చెప్పడానికి మా ఊరి పంతులుగారు చాలరా, అంత బిల్లెందుకు?

ఈ జబ్బు ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తాదంట, మామూలు ల్యాబోళ్లకి ఏళ్ల తరబడి ఒక్కటీ తగలకపోవచ్చు. అందుకని మా షుగర్ డాక్టరు గారే స్లైడ్లతో పాటు గడ్డ ముక్కలు దాచిన మైనం బ్లాకులు కూడా అడిగి తీస్కొని ఈ ల్యాబ్‌కి వెళ్లమన్నారు. గుణుపూర్ ప్యాసింజర్‌లో డబ్బా ఒళ్లో పెట్టుకొని వైజాగ్ వెళ్లాం, ఎండ తగిలితే మైనం కరిగిపోతాదని మా బావ కిటికీ పక్క సీటు కూడా వద్దన్నాడు.

ఇక్కడి పేథాలజిస్టు (స్లైడ్లు చదివే డాక్టరు) మేడం మాత్రం సూపర్. రిపోర్టు వచ్చేక మమ్మల్ని లోపలికి పిలిచి కంప్యూటర్లో చూపించేరు. నీలం చుక్కల మధ్యన గోధుమ రంగు చుక్కలు, ఆ గోధుమవే పెరిగే పనిలో ఉన్న కణాలంట, ఎక్కువ గుంపుగా ఉన్న చోటు చూసి నూటికి ఎన్నో లెక్కేస్తారు, దాన్నే కి-67 అంటారు. అప్పది 15 శాతం. పాత రిపోర్టులో ఈ నంబరే లేదు! వైస్ స్కోరని మైక్రోస్కోపులో చూసే 9 గుర్తుల్లో 6 ఉన్నాయంట (3 ఉంటేనే క్యాన్సర్ కింద లెక్క), అంచుల్లో గడ్డ మిగల్లేదు, అదీ రాసేరు.

ఇవన్నీ ఉంటేనే రిస్కు ఎంతో అంచనా కట్టే ఎస్-గ్రాస్ అనే స్కోరు వేయగలరు, 2022లో వచ్చింది, స్టేజి, కి-67, అంచులు, వయసు, జబ్బు లక్షణాలు కలిపి 0 నుంచి 9 దాకా. అప్పకి 46 ఏళ్లు, స్టేజి 2, అంచులు క్లీన్, ఈ మూడిటికీ సున్నాలే. కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువై మొహం ఉబ్బి బీపీ వచ్చింది కాబట్టి 1, కి-67కి 1, మొత్తం 2. అంటే అన్నిటికంటే తక్కువ రిస్కు గుంపు కాదు, దాని పైది. మీ అప్పకి వస్తాదా రాదా అని ఇది చెప్పదు బాబూ, ఇలాంటోళ్లు చాలామందికి ఏం జరిగిందో చూసి కట్టిన లెక్క ఇది అని మేడం మొహమాటం లేకుండా చెప్పేసేరు. నాకు అదే నచ్చింది.

మరి ఉపయోగం ఏటంటే మందు. 2023లో వచ్చిన అడియువో అనే ట్రయల్‌లో గడ్డ పూర్తిగా తీసేసి కి-67 10 లోపున్నోళ్లకి జబ్బు మళ్లీ రాకుండా ఇచ్చే మైటోటేన్ మందు వాడినా వాడకపోయినా చెప్పుకోదగ్గ తేడా రాలేదంట. అప్పది 10 దాటింది కాబట్టి డాక్టరు ఆ మందు మొదలుపెట్టేరు, దాంతో వికారం, నీరసం, రక్తంలో దాని లెవెల్ లీటరుకి 14-20 మిల్లీగ్రాముల మధ్య ఉంచాలని మాటిమాటికీ టెస్టులు. అలాగే రెండేళ్ల పాటు మూడు నెలలకోసారి సీటీ, పొట్టే కాదు ఛాతీ కూడా, లివర్‌కీ ఊపిరితిత్తులకీ పోయే రకం కదా. మొదటి ఆస్పత్రోళ్లు ఆర్నెల్లకి ఒక అల్ట్రాసౌండ్ చాలన్నారు, తల్చుకుంటేనే ఒళ్లు మండుతాది.

ఒక స్టార్ ఎందుకు కోసేనంటే కౌంటర్. ఒడిశా అడ్రస్ చూడగానే ఫారం వేరే అని నిలబెట్టీసేరు, ఫోన్ చేస్తే ఎత్తరు. ఆరోగ్యశ్రీ మనకి ఎలాగూ లేదు, ఒడిశా వాళ్లం కదా, చేతి డబ్బులే. బ్లాకులు తిరిగి తీస్కునేటప్పుడు వాటి మీద నంబరు, మీ రిపోర్టు నంబరు ఒకటేనా కాదా అక్కడే చూస్కోండి, మాకు ముందు వేరే ఎవరిదో డబ్బా ఇచ్చీసేరు.