ఎనిమిదేళ్ల కారు పాలసీ, ఒక్క క్లెయిమ్, 121 రూపాయల నష్టం

2024 ఆగస్టులో ఇదే పాలసీకి ఐదు నక్షత్రాలు ఇచ్చి, మా బావమరిది చేత కూడా పట్టుబట్టి కట్టించాను. ఆ ఐదింటిలో ఇప్పుడు ఎన్ని మిగిలాయో నాకే తెలియడం లేదు. కంపెనీ పేరు రాయడం లేదు. నా ఫిర్యాదు నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) మీద. క్లెయిమ్ చేయకుండా గడిచిన ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది, అన్ని కంపెనీల్లోనూ ఒకేలా ఉంటుంది.

కారు 2017 ఫిబ్రవరిలో కొన్నాం. 1197 సీసీ పెట్రోలు బండి. ఏటా రెన్యువల్ డబ్బు కట్టడమే తప్ప పైసా అడిగింది లేదు. 20, 25, 35, 45 అంటూ ఎక్కి, 2022 నాటికి బోనస్ 50 శాతానికి చేరింది. అదే ఆఖరి మెట్టు.

ఇక ప్రమాదం. దాన్ని ప్రమాదం అనడానికి కూడా సిగ్గుగా ఉంటుంది. విజయవాడ రామవరప్పాడు రింగు దగ్గర, సాయంత్రం, సన్నటి తుంపర. ముందు కారు కదిలింది కదా అని నేనూ క్లచ్ వదిలాను. అది రెండు గజాలు వెళ్లి ఆగింది, నేను ఆగలేదు. తప్పు పూర్తిగా నాదే. ఆ కారు పెద్దాయన దిగి, పగిలిన టెయిల్ లైటు చూసుకుని, "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు బాబూ?" అని ఒక్క మాట అని, 2,500 తీసుకుని వెళ్లిపోయారు. నా బండికి బంపరు చీలింది, కుడి హెడ్‌లైటు పగిలింది, దాని పక్కన ఫెండరు నొక్కుకుపోయింది.

క్లెయిమ్ పని మాత్రం నిజంగానే చకచకా సాగింది. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. రాత్రి ఫోనులో నమోదు చేశాను, మర్నాడు పదకొండింటికల్లా నష్టం అంచనా వేసే సర్వేయర్ సర్వీస్ సెంటరుకి వచ్చాడు, నాలుగో రోజు బండి ఇంటికి వచ్చింది. ఆ ఊపులోనే ఐదు నక్షత్రాలు కొట్టాను. అయితే ఆ ఊపులో మరిచిపోయిన సంగతి ఒకటుంది. సర్వేయర్ కుర్రాడు ఫొటోలు తీసుకుంటూ తీసుకుంటూ ఆగి, "సార్, మీ ఎన్‌సీబీ ఎంతుందో చూసుకున్నారా?" అని అడిగాడు. కంపెనీ డబ్బు మిగల్చడానికి నన్ను వెనక్కి లాగుతున్నాడనుకుని, "ఎనిమిదేళ్లుగా కడుతున్నానయ్యా, ఒక్కసారి వాడుకోకూడదా?" అన్నాను. అతను నవ్వి ఫొటోలు తీసుకున్నాడు. క్లెయిమ్ వెనక్కి తీసుకోవడానికి అదే సమయం. ఆ కంపెనీలో నా మేలు కోరి మాట్లాడింది అతనొక్కడే.

బిల్లు 19,000 అయింది. ఇంత వయసున్న బండికి జీరో డిప్రిసియేషన్, అంటే విడిభాగాల తరుగుదల కోయకుండా కట్టే కవరు, ఇవ్వలేదు కాబట్టి తరుగుదల నా నెత్తినే పడింది. బంపరు 3,800, హెడ్‌లైటు 5,200, రెండూ ప్లాస్టిక్ కింద లెక్క, సగం నాది. ఫెండరు 2,400, లోహం కాబట్టి అందులో 40 శాతం. రంగు ఖర్చులో 625. పైన ప్రతి క్లెయిమ్‌లో మనమే పెట్టుకోవాల్సిన తప్పనిసరి మినహాయింపు 1,000. మొత్తం 7,085 నేను కట్టాను, 11,915 కంపెనీ కట్టింది. పన్నెండు వేలు కలిసొచ్చాయని ఇంట్లో గొప్పగా చెప్పాను కూడా.

2025 ఫిబ్రవరిలో రెన్యువల్ కాగితం వచ్చింది. అంతకు ముందు ఏడాది 8,515 కట్టినవాణ్ని, ఈసారి 13,825 అట. ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం అదే 3,416, అందులో మార్పు లేదు, దానికి బోనస్‌తో సంబంధమూ లేదు. మన బండి నష్టం కోసం కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం దగ్గర మాత్రం బోనస్ 50 శాతం ఉండాల్సిన చోట సున్నా ఉంది. ఒక్క మెట్టు దించితే అర్థం చేసుకునేవాణ్ని. ఐదేళ్లు ఒక్కొక్క మెట్టే ఎక్కించి, దించేటప్పుడు మాత్రం వైకుంఠపాళిలో పెద్ద పాము మింగినట్టు అడుగు గడికి.

ఆ రాత్రి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. బోనస్ లేకుండా నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం 7,600. మళ్లీ 50కి చేరేదాకా ఏటా పోయేది వరుసగా 50, 30, 25, 15, 5 శాతం. కలిపితే 125 శాతం, అంటే 9,500. దాని మీద 18 శాతం జీఎస్టీతో 11,210. కంపెనీ నాకిచ్చింది 11,915. అంటే నా లాభం 705 రూపాయలు. సరే, అదైనా మిగిలిందనుకుంటే, కాగితంలో ఇంకో అంకె కనిపించింది. బండి విలువ తగ్గినా, బోనస్‌కి ముందు ప్రీమియం 7,600 నుంచి 8,300 అయింది. కంపెనీ తనంతట తాను ఇచ్చే డిస్కౌంటు కోసేసింది. ఆ 700కి పన్నుతో 826. ఐదేళ్ల లెక్క పెట్టకుండా ఆ ఒక్క ఏడాదికే చూసినా 121 రూపాయలు ఎదురు నేనే ఇచ్చాను. ప్రీమియం ఏటా మారుతుంది కనుక ఇది కచ్చితమైన లెక్కేమీ కాదు. మా వీధి చివరి షెడ్డులో మాత్రం ఇదే పని 11,000కి చేస్తానన్నాడు.

నాది తప్పు కాబట్టి అనుభవించాను అనుకుందామంటే అదీ కుదరదు. కింది అంతస్తు వారి కారు ఇంటి ముందు నిలబెట్టి ఉండగా పాల ఆటో వచ్చి గుద్దింది. ఆయన తన పాలసీలో బాగు చేయించుకున్నారు, ఆయన బోనస్ కూడా అంతే. తప్పెవరిదని ఎవరూ అడగలేదు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఇది నమ్మడు. అక్కడ ముందు అడిగేది అదేనట.

అసలు దెబ్బ తెలిసింది దసరాకి. చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గిందని మేమూ షోరూముకి వెళ్లాం. మా అమ్మాయి స్టీరింగు ముందు కూర్చుని ఫొటోలు దిగుతోంది. బీమా బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి, "సార్, పాత కారు మీద ఎన్‌సీబీ ఉందా? ఉంటే దీనికి మార్చేస్తాం" అంది. ఆ బోనస్ కారుది కాదు, నాది. పాత బండి అమ్మేసినా కొత్త బండికి వెంట వచ్చేది. "సున్నా" అన్నాను. ఆమె కాలిక్యులేటర్ మీద వేలు ఆపి, మళ్లీ కొట్టింది. కొత్త కారు ఓన్ డ్యామేజ్ 18,000. సగం అంటే 9,000, పన్నుతో 10,620 ఆ ఒక్క కాగితంలోనే మిగిలేది. కారు ఆ రోజు కొనలేదు, కారణం అది కాదు లెండి, అమ్మాయి కాలేజీ ఫీజు.

కాబట్టి ఈ పాలసీ మంచిదా అని అడిగితే సూటిగా చెప్పలేను. బండి బోల్తా పడి లక్షల బిల్లు అయితే ఇదే పాలసీని నెత్తిన పెట్టుకుంటాను. నాలాగా పాత బండి, నిండుగా ఉన్న బోనస్, త్వరలో కారు మార్చే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం ఇరవై వేల లోపు బిల్లుకి ఫోను ఎత్తే ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. కొత్త కారు, బోనస్ ఇంకా 20 దగ్గరే ఉంటే సంగతి వేరు. బోనస్‌ను కాపాడే అదనపు కవరు ఒకటి ఉంటుంది, బండి కొత్తలో నాలుగైదు వందలకి ఇస్తామన్నారు. డబ్బు దండగని నేనే వద్దన్నాను. బావమరిదికి మాత్రం వేయించాను, ఎందుకో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

ఈ ఫిబ్రవరిలో అదే కంపెనీలో రెన్యువల్ చేయించాను. 20 శాతం వచ్చింది. పోయిన నెల సెల్లారులో ఎవరిదో సైకిలు ఒరిగి ఎడమ తలుపు మీద జానెడు గీత పడింది. షెడ్డు వాడు 1,800 అడిగాడు. కంపెనీకి చెప్పలేదు. గీత ఇంకా అలాగే ఉంది.