సీపాప్‌తో ఏడేళ్ళు, అందులో రెండు ఆసుపత్రి మజిలీలు

గురక మగవాళ్ళ సొత్తు అనుకునే ఇంట్లో పుట్టాను. నాన్న గురకపెడితే అందరూ నవ్వుకునేవారు. అమ్మ గురకపెడితే ఎవరూ ఆ మాటే ఎత్తేవారు కాదు. నా గురక సంగతి మా ఆయన కూడా ఏళ్ళ తరబడి అలాగే దాటేశారు. 2018 వేసవిలో మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చి నా పక్కన పడుకుంది. తెల్లారాక కాఫీ కూడా తాగకుండా, "అమ్మా, నువ్వు నిద్రలో ఊపిరి ఆపేస్తున్నావు. ఒకసారి నేను ఇరవై దాకా లెక్కపెట్టాను" అంది.

లెక్కల టీచర్ని కదా, అంకె చెబితే గాని నాకు భయం పుట్టలేదు.

అప్పటికే పొద్దున లేస్తే తలనొప్పి, మధ్యాహ్నం పేపర్లు దిద్దుతూ దిద్దుతూ కునుకు. అన్నిటినీ థైరాయిడ్ ఖాతాలో రాసేసేవాళ్ళం. గుంటూరులో ఒక రాత్రి స్లీప్ స్టడీ చేయించారు. తల నిండా వైర్లు, ముక్కు కింద ఒక గొట్టం, వేలికి క్లిప్పు. ఇంత సరంజామాతో ఎవరికి నిద్ర పడుతుందో అనుకున్నాను గాని, పట్టింది. రిపోర్టులో గంటకు 38 అని వచ్చింది. పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగినా, బాగా తగ్గినా ఒకటిగా లెక్క. అవి గంటకు 5 లోపు ఉంటే మామూలు, 30 దాటితే తీవ్రం. నిద్రలో ఇలా ఊపిరి ఆగే జబ్బునే స్లీప్ అప్నియా అంటారు. ఆ రాత్రి నా రక్తంలో ఆక్సిజన్ ఒకసారి 76 శాతం దాకా పడింది.

అలా ఇంటికి వచ్చింది సీపాప్ మెషీన్. అప్పట్లో 46 వేలు పెట్టి కొన్నాం. మా పాలసీ పైసా ఇవ్వలేదు. ఏ కంపెనీది అని అడక్కండి, అన్నిటి పనీ ఒకటే. ఇది ఆక్సిజన్ ఇచ్చే యంత్రం కాదు. గదిలో గాలినే లాగి, కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై దారి మూసుకుపోకుండా ఆ గాలే లోపల గుంజలా నిలబడుతుంది. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్ బృందం ఈ పద్ధతిని లోకానికి చెప్పింది. అంతకుముందు తీవ్రమైన వాళ్ళకు గొంతుకు రంధ్రం పెట్టేవారట. అది చదివాక మాస్క్ మీద విసుక్కోవడం కొంచెం తగ్గించాను.

కొంచెమే. మొదటి నెల నరకం. ముక్కు పక్కన ఎర్రటి గీతలు, బుగ్గల మీద పట్టీ అచ్చులు. స్కూల్లో పిల్లలు "టీచర్, ఏమైంది?" అని అడిగేవారు. అర్ధరాత్రి నాకు తెలియకుండానే మాస్క్ పీకి పారేసేదాన్ని. నోరు తెరుచుకుంటే గాలంతా బుస్సుమని బయటికి పోయేది. మాస్క్ కొలత మార్చాక, గాలి మెల్లగా మొదలై పెరిగే ర్యాంప్ పెట్టుకున్నాక, ఆరో వారంలో ఒకరోజు తలనొప్పి లేకుండా లేచాను. అప్పటి నుంచి వదల్లేదు. ఇప్పుడు గంటకు 3 చూపిస్తుంది.

నీళ్ళ సంగతి చెప్పాలి. మెషీన్‌కి ఉన్న చిన్న తొట్టెలో డిస్టిల్డ్ వాటర్ పోయమంటారు, గాలికి తేమ కోసం. తెనాలిలో మా బోరు నీళ్ళు పోస్తే వారంలో అడుగున తెల్లటి పొర కట్టింది. మా ఆయన ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్ళ డబ్బా తెచ్చి "ఇదీ అదే కదా" అన్నారు. అది బ్యాటరీ కోసం నింపింది, ఊపిరితిత్తుల కోసం కాదు. ఆ డబ్బా వెనక్కి పంపాను. కరెంటు పోతే ఈ మెషీన్ కూడా పోతుంది, కాబట్టి పడగ్గది ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లాగించుకున్నాం. ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు.

ఇక 2021 మే. కోవిడ్ వచ్చిన ఎనిమిదో రోజు ఆక్సిజన్ 91కి దిగింది. వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుంటే రాత్రి పదకొండింటికి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మంచం దొరికింది. రెండు నైటీలు, ఫోను ఛార్జరు, మందుల డబ్బా తీసుకున్నాను. మెషీన్ ఇంట్లోనే ఉండిపోయింది. అడ్మిషన్ కాగితంలో బీపీ ఉందా, షుగర్ ఉందా, థైరాయిడ్ ఉందా అని అడిగారు. నిద్ర గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. మరిచిపోయానని ఇంట్లో చెప్పాను గాని, నిజం అది కాదు. పక్క మంచాల్లో మనుషులు ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, "నాకు గురక జబ్బండీ" అని ఏం చెబుతాం అనిపించింది.

ముక్కుకి గొట్టాలు పెట్టి నిమిషానికి నాలుగు లీటర్ల ఆక్సిజన్ ఇచ్చారు. మెలకువగా ఉంటే 95. కన్ను మూతపడిన కాసేపటికి 81, మానిటర్ గోల. సిస్టర్ పరిగెత్తుకొచ్చి భుజం తట్టి "అమ్మా, గట్టిగా ఊపిరి తీసుకోండి" అనేది. కళ్ళు తెరిస్తే మళ్ళీ 95. తెల్లవార్లూ ఇదే తంతు. పొద్దున ఛార్టు చూసినవాళ్ళకి అందులో వైరస్ ముదురుతున్నట్టే కనిపించింది. గొట్టాలు తీసి మాస్క్ పెట్టారు, పది లీటర్లు చేశారు, ఐసీయూ మాట వచ్చింది.

ఇక్కడున్న మెలిక నాకు తర్వాత అర్థమైంది. గొంతు దారి మూసుకుపోతే బయట ఎన్ని లీటర్లు పెట్టినా లోపలికి పోదు, తలుపు వేసిన ఇంటికి నీళ్ళ ట్యాంకర్ వచ్చినట్టు. మామూలు రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తుల్లో కాస్త నిల్వ ఉంటుంది, ఇరవై సెకన్లు ఆగినా తట్టుకుంటాం. న్యుమోనియాలో ఆ నిల్వ ఉండదు. పైగా వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారుతుంది.

మూడో రాత్రి "నిద్ర లేదండీ, ఏదన్నా మాత్ర ఇవ్వండి" అని నేనే అడిగాను. డ్యూటీ డాక్టరు రాయబోతున్నారు కూడా. అప్పుడే అమ్మాయి వీడియో కాల్ చేసింది. విషయం విని "సీపాప్ వాడతావని చెప్పావా?" అని అరిచింది. నిద్రమాత్రలు గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి, నాలాంటివాళ్ళకు డాక్టరు అన్నీ తెలిసి ఇస్తే తప్ప పనికిరావు. డాక్టరు గారు ఫోను వంక, నా వంక చూసి, రాయబోయిన చీటీ చించేశారు.

ఇంటి మెషీన్ తెప్పిస్తామంటే ఒప్పుకోలేదు. అందులో తప్పు పట్టను. సీపాప్ మాస్క్‌కి వదిలిన గాలి పోయేందుకు సన్నటి రంధ్రాలు ఉంటాయి, వైరస్ ఉన్న మనిషి వాటిలోంచి వార్డంతా చిమ్మినట్టే. రంధ్రాలు లేని మాస్క్, మధ్యలో వైరస్ ఫిల్టర్ పెట్టి, సీపాప్ లాంటిదే అయిన వాళ్ళ బైపాప్ మెషీన్ తగిలించారు. పగలు బోర్లా పడుకోమన్నారు. ఆ రాత్రి మానిటర్ మోగలేదు. ఐసీయూ మాట మళ్ళీ రాలేదు. స్టెరాయిడ్లు, రక్తం పలచబడే ఇంజెక్షన్లు కూడా నడుస్తున్నాయి కనుక ఎవరి వాటా ఎంతో నేను తేల్చలేను. పదకొండో రోజు ఇంటికి పంపారు.

ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. ఫిన్లాండ్‌లో జరిగిన ఒక పరిశీలనలో, స్లీప్ అప్నియా ఉన్నవాళ్ళకు కోవిడ్ సోకే అవకాశం అందరితో సమానమేనని, సోకాక ఆసుపత్రి పాలయ్యే అవకాశం మాత్రం ఎక్కువని తేలింది. మాలో చాలామందికి అధిక బరువూ, షుగరూ, బీపీ కూడా ఉంటాయి కాబట్టి, పాపం ఎవరిదో విడదీయడం తేలిక కాదు. బ్రిటన్‌లో అప్నియాతో సంబంధం లేకుండా కోవిడ్ రోగులకే సీపాప్ పెట్టి చూశారు. వెంటిలేటర్ కోసం గొంతులో గొట్టం వేయాల్సి రావడమో, చనిపోవడమో మామూలు ఆక్సిజన్ ఇచ్చినవాళ్ళలో వందకి 44 మందికి జరిగితే, సీపాప్ పెట్టినవాళ్ళలో 36 మందికి జరిగింది. 2020 మార్చిలో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు, మెర్సిడెస్ రేసు కార్ల ఇంజన్లు చేసేవాళ్ళు కలిసి వంద గంటల్లోపే ఒక సీపాప్ పరికరం తయారు చేశారు. ఈ కథ మా పదో తరగతి పిల్లలకు బాగా నచ్చింది.

తెలుగు పాటలకూ బాణీలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో పోయారు. స్లీప్ అప్నియా, మళ్ళీ మళ్ళీ వచ్చిన ఛాతీ ఇన్‌ఫెక్షన్ అని డాక్టర్లు చెప్పారు. మర్నాడు సాయంత్రం టీవీ ముందు నుంచి మా ఆయన లేచి వెళ్ళి, ఏమీ అనకుండా నా మెషీన్ ఫిల్టర్ మార్చారు.

రెండోసారి 2023 మార్చిలో, హెచ్3ఎన్2 ఫ్లూ ఊళ్ళమీద పడినప్పుడు. జ్వరం, ఆగని దగ్గు, ఆక్సిజన్ 90. ఈసారి ఆసుపత్రి వేరు, నేనూ వేరు. పేరు అడక్కముందే "నాకు స్లీప్ అప్నియా, ఒత్తిడి 11, మెషీన్ సంచిలో ఉంది" అన్నాను. విడిగా గది ఇచ్చారు. ఛాతీ డాక్టరు వచ్చి, ట్యూబుకి చిన్న కనెక్టర్ పెట్టి అందులోకి ఆక్సిజన్ కలిపారు, ఫిల్టర్ బిగించారు. ముక్కు దిబ్బడతో నా ముక్కు మాస్క్ పనికిరాలేదు, నోరూ ముక్కూ మూసే పెద్ద మాస్క్ అప్పటికప్పుడు కొనాల్సి వచ్చింది, ఎనిమిది వేలు. అదొక్కటే గొడవ. ఐదో రోజు ఇంటికి వచ్చేశాను. నైట్ డ్యూటీ సిస్టర్‌కి మాస్క్ పట్టీలు ఎలా బిగించాలో నేనే చూపించాను. వాళ్ళ నాన్న కూడా గురకపెడతారట. "మరి మీ అమ్మ సంగతేంటి" అని అడిగాను, నవ్వేసింది.

ఏడేళ్ళ వాడకానికి మార్కులు వేయమంటే వందకి 80 వేస్తాను. పోయిన ఇరవై మార్కులు మాస్క్‌కీ, విడిభాగాల ధరకీ. సిలికాన్ కుషన్ ఏడాది తిరక్కుండానే మెత్తబడి గాలి వదిలేస్తుంది, అది మార్చిన ప్రతిసారీ ఒక మంచి చీర ఖరీదు. ప్రయాణంలో కిలోకి పైగా బరువు. పెళ్ళిళ్ళలో నలుగురితో కలిసి హాల్లో పడుకోవడం మానేశాను. జలుబు, జ్వరం వస్తే మా ఆయన వేరే గదిలో పడుకుంటారు, ఎందుకంటే ఆ గాలి నేరుగా ఆయన మీదికే. తగ్గాక ఫిల్టర్ పారేసి, మాస్క్, ట్యూబు, తొట్టె సబ్బునీళ్ళతో కడిగి నీడలో ఆరబెడతాను. ఓజోన్‌తో శుభ్రం చేసే డబ్బాలు అమ్ముతారు, కొనలేదు. 2021లో ఫిలిప్స్ తన మెషీన్లను వెనక్కి పిలిచినప్పుడు, లోపలి ఫోమ్ పాడవడానికి ఓజోన్ తోడవుతుందని చెప్పింది. నాది ఆ కంపెనీది కాదు, అయినా ఎందుకు తంటా.

గుమ్మం పక్క కొక్కేనికి ఒక సంచి వేలాడుతూ ఉంటుంది. పెద్ద మాస్క్, రెండు ఫిల్టర్లు, స్లీప్ స్టడీ జిరాక్సు, అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో నా పేరు, జబ్బు, ఒత్తిడి, "నిద్రమాత్ర ఇచ్చే ముందు అడగండి" అన్న మాట. పోయిన నెల డాక్టరు గారు ఒత్తిడి తగ్గించారు. అట్ట మీద 11 కొట్టేసి, పక్కన ఎర్ర పెన్నుతో 10 వేశాను.