అల్లుడుగారి గుడిలో ఉగాది

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, రంజాన్ పండుగ మరునాడు. రెండూ పక్కపక్కనే పడ్డప్పుడు దేవుని కడప ఎలా ఉంటుందో చూడాలని ముందు రోజు రాత్రికే కడప చేరుకున్నాం.

ముందు బస సంగతి. బస్టాండు దగ్గర ఒక లాడ్జి. ఫోనులో చూపిన ధరకు కౌంటరులో మరో మూడు వందలు కలిపి, ‘పండుగ కదా సార్’ అన్నారు. ఏసీకి చల్లదనం కంటే చప్పుడెక్కువ. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మీరు వెళ్తే రోడ్డు వైపు గది తీసుకోకండి.

తెల్లవారగానే ఆటోలో దేవుని కడపకు వెళ్లాం. తిరుమలకు తొలి గడప అని పేరున్న లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ఇది. స్వామి దేవేరి బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి తమకు అల్లుడు అని ఇక్కడి ముస్లింల నమ్మకం. అందుకే ఏటా ఉగాదికి కొబ్బరికాయలు, పూలు పట్టుకుని కుటుంబాలతో వస్తారు. ఆ రోజు వాళ్లు రంజాన్ ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సహరీ ముగించుకుని వచ్చి వరుసలో నిలబడ్డారు. వరుస ఒక్కటే, నా ముందు బుర్ఖా, వెనుక పట్టుచీర. అందరినీ సమానంగా తోస్తున్నారు!

దర్శనమయ్యాక నాకొక పొరపాటు జరిగింది. పక్కన కూర్చున్న పెద్దావిడకు మా దొన్నెలోని ఉగాది పచ్చడి ఇవ్వబోయాను. ఆమె నవ్వి, ‘రోజాలో ఉన్నాం నాయనా’ అన్నారు. నాలుక కరచుకున్నాను. ఆమె తనకిచ్చిన ప్రసాదాన్ని కాగితంలో చుట్టి, చేతిరుమాలులో మూట కట్టి, రెండు ముళ్లు వేసి సంచిలో అడుగున దాచారు. ‘సాయంత్రం ఖర్జూరం తిన్నాక ఇదే’ అన్నారు. మనవడికి ఉపవాసం లేదు గనుక, నా దొన్నె వాడికి చేరింది. వేపపువ్వు తగలగానే వాడి ముఖం చూడాలి.

మధ్యాహ్నం ఒంటిమిట్ట. బస్సులో వెళ్లిరావచ్చు, సుమారు పాతిక కిలోమీటర్లు. కోదండరాముడి గుడి శిల్పాలు చూడటానికి ఒక పూట చాలదు. గుడి దగ్గరున్న ఇమాంబేగ్ బావిని చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. పిలిస్తే మీ రాముడు పలుకుతాడా అని అడిగిన ఇమాంబేగ్, ‘ఓ’ అన్న జవాబు విని భక్తుడై బావి తవ్వించాడని స్థలకథ. గండికోటలోనూ మసీదు, మాధవరాయస్వామి గుడి ఒకే కోటలో ఉన్నాయి గానీ, మార్చి ఎండలో ఈ ప్రయాణంతో కలిపితే రెంటికీ న్యాయం జరగదు. చలికాలానికి అట్టిపెట్టుకోండి.

సాయంత్రం మళ్లీ కడపలో, అమీన్ పీర్ దర్గా. ఏ.ఆర్. రహమాన్ వచ్చే చోటుగా బయటి ఊళ్లవారికి తెలుసు. మేం వెళ్లేసరికి బొట్టు పెట్టుకున్న తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. తలకు రుమాలు వెంట తీసుకెళ్లండి. నెలవంక కనిపించిందన్న కబురు రాగానే వీధంతా ఒక్కసారిగా అంగళ్ల మీద పడింది. ఆ సందడిలోనే ఎర్రకారం, పప్పులపొడి దట్టంగా వేసిన కారం దోసె తిన్నాం. కళ్లలో నీళ్లు, అయినా రెండోది చెప్పాం.

మరునాడు ఉదయం గది ఖాళీ చేస్తూ, ఆ మూడు వందల సంగతి గట్టిగా అడగాలని కిందికి దిగాను. కౌంటరు కుర్రాడు కొత్త కుర్తాలో, అత్తరు వాసనతో, దిగినవాళ్లందరికీ గ్లాసుల్లో షీర్ ఖుర్మా పోస్తున్నాడు. రెండు గ్లాసులు తాగి తాళం అప్పగించాను.