ముందు బంపర్ కిట్ కొనేవాళ్లు జాగ్రత్త: గాలి ఎటు వెళ్లి ఎటు బయటికొస్తుందో చూపించకపోతే అడ్వాన్స్ ఇవ్వొద్దు

బెంగళూరులో స్పోర్ట్స్ కారు ఉండి, ముందు బంపర్ మారిస్తే ఏరోడైనమిక్స్ (కారు గాలిని చీల్చుకుపోయే తీరు) బాగుపడుతుంది, రేడియేటర్‌కి గాలి ఎక్కువ తగులుతుంది అని ఎవరో చెప్పిన మాట నమ్మి డబ్బు కట్టబోతున్నవాళ్లు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. కిట్‌కే నాకు 1,60,000 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి తర్వాత, ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో మా నాన్నను హైవే పక్కన రెండున్నర గంటలు కూర్చోబెట్టాల్సి వచ్చింది, అది మాత్రం నేను మర్చిపోలేను.

నాది పోర్షే కేమన్, 987 తరం, 2.9 లీటర్ ఇంజిన్, మాన్యువల్ గేరు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఈ కారులో ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది, రేడియేటర్లు మాత్రం ముందు ఉంటాయి. ఒకటి కాదు, కుడి టైరు ముందు ఒకటి, ఎడమ టైరు ముందు ఒకటి. ఒక్కోదాని ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్, వెనక ఫ్యాను. బంపర్‌లో రెండు పక్కలా కనిపించే నోళ్లలోంచి గాలి లోపలికి వెళ్లి, రేడియేటర్ దాటి, టైరు ముందు నుంచి కిందికి పోతుంది. కొన్ని మోడళ్లకు మధ్యలో మూడో రేడియేటర్ కూడా ఉంటుంది. నా కారుకు లేదు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మోసం అంతా ఇక్కడే ఉంది.

పాత బంపర్‌కి గీతలు పడి, కింద ఒకచోట పగిలింది. రిపేర్ చేయిద్దామని సిటీలోనే ఒక మాడిఫికేషన్ షాపుకి వెళ్లాను. అక్కడాయన మంచిగా మాట్లాడాడు, తెలుగాయనే. "సార్, రిపేర్‌కి డబ్బు పెట్టే బదులు జీటీ3 లుక్ కిట్ వేయించుకోండి, మధ్యలో పెద్ద నోరు ఉంటుంది, రేడియేటర్‌కి డబుల్ గాలి, కింద స్ప్లిటర్ ఉంటుంది కాబట్టి హైవేలో ముక్కు నేలకు అతుక్కుని పోతుంది" అన్నాడు. జీటీ3 అంటే పోర్షేలో రేసు తరహా మోడల్, స్ప్లిటర్ అంటే బంపర్ కింద ముందుకి చొచ్చుకొచ్చే పలక. మెటీరియల్ ఏంటని అడిగితే పీపీ ప్లాస్టిక్, స్ప్లిటర్ కార్బన్ ఫైబర్ అన్నాడు. ఫోన్లో ఫొటోలు చూపించాడు. నేను యూపీఐలో లక్ష అడ్వాన్స్ కొట్టేశాను. జీఎస్‌టీ బిల్లు అడిగితే బిగించాక ఇస్తానని ఒక ఎస్టిమేట్ చీటీ చేతిలో పెట్టాడు.

మూడు వారాల తర్వాత కారు ఇచ్చాడు. చూడ్డానికి నిజంగా బాగుంది, ఆ మాట దాచను. ఇంటికొచ్చే దారిలోనే స్పీడ్ బ్రేకర్ మీద స్ప్లిటర్ రాసుకుని ఒక మూల పెచ్చు లేచింది. చూస్తే లోపల కార్బన్ లేదు, పైన కార్బన్ గళ్ల ప్రింటు ఉన్న పొర, దాని కింద మామూలు ఫైబర్ గ్లాస్. బంపర్ కూడా అంతే, పీపీ కాదు, ఎఫ్‌ఆర్‌పీ, అంటే ఫైబర్ గ్లాసే. తేడా పట్టుకోవడం కష్టమేం కాదు, బిగించక ముందే వెనక్కి తిప్పి చూడాలి. ఫైబర్ గ్లాస్ అయితే వెనకవైపు గరుకుగా, పీచు పీచుగా కనిపిస్తుంది, చేత్తో రుద్దితే దురద పుడుతుంది. కంపెనీ ప్లాస్టిక్ బంపర్ నొక్కితే లోపలికి వంగి మళ్లీ వస్తుంది, ఇది వంగదు, ఫట్‌మని పగులుతుంది. నేను పెయింట్ అయ్యాకే చూశాను.

ఇక అసలు విషయం.

నాన్నకు కంటి ఆపరేషన్ అయ్యాక చెకప్‌కి వచ్చారు, ఆయన్ని అనంతపురంలో దించి రావాలి. ఓబీడీలో, అంటే కారు కంప్యూటర్ వివరాలు చదివే సాకెట్‌లో, పెట్టే చిన్న రీడర్ ఒకటి నా దగ్గర ఉంది, ఫోన్లో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ కనిపిస్తుంది. చాలా కార్లలో డాష్‌బోర్డు ముల్లు మధ్యలోనే నిలబడేలా సెట్ చేసి ఉంటారు, అసలు అంకె పెరుగుతున్నా కదలదు, కాబట్టి ఓబీడీ అంకెనే నమ్మండి. పాత బంపర్‌తో ఇదే హైవేలో 100 స్పీడులో 90 డిగ్రీల దగ్గర ఉండేది. ఆ రోజు హెబ్బాళ్ ట్రాఫిక్‌లోనే 102 చూపించింది. ట్రాఫిక్ కదా, రోడ్డెక్కితే తగ్గుతుందిలే అనుకున్నాను. దేవనహళ్లి దాటి స్పీడు అందుకున్నాక తగ్గాలి, తగ్గలేదు. చిక్కబళ్లాపురం దాటేసరికి 108. ఏసీ ఆపేశాను. బాగేపల్లి ఇంకా రాకముందే 117 అయి, వార్నింగ్ లైటు వెలిగింది.

పక్కకి ఆపి హీటర్ ఫుల్‌గా పెట్టాను, అది కొంత వేడిని లాగేస్తుంది. వెనక డిక్కీలోంచి కూలెంట్ వాసన. వేడికి వ్యాకోచించే కూలెంట్ చేరే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అక్కడే ఉంటుంది, అది చీలిపోయింది. ఇలాంటప్పుడు మూత మాత్రం తీయకండి, ఎంత కంగారుగా ఉన్నా సరే. లోపల ప్రెషర్ ఉంటుంది, ఆ ప్రెషర్ వల్లే కూలెంట్ 100 దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా మరిగి ముఖం మీదకి చిమ్ముతుంది. నాన్న ఒక చింతచెట్టు నీడన కూర్చుని "ఏం కాదులే, నిదానంగా చూసుకో" అంటూనే ఉన్నారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఆ వేడిగాలికి కన్ను తుడుచుకుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. చివరికి కారుని ఎక్కించుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ వచ్చింది, నాన్నను బస్సు ఎక్కించాను.

మాకు తెలిసిన మెకానిక్ అన్న ఒకాయన ఉన్నారు, మదనపల్లె ఆయన, ఇరవై ఏళ్లుగా బెంగళూరులోనే షెడ్డు. ఆయన బంపర్ విప్పి లైటు వేసి చూసి "తమ్ముడూ, దీన్ని ముఖం అనుకున్నాడు వాడు, ముక్కు అని తెలీదు" అన్నారు. ఏం జరిగిందంటే, మధ్యలో ఉన్న పెద్ద నోటి వెనక రేడియేటరే లేదు. అక్కడికొచ్చే గాలి లోపల కొట్టుకుని, ముందు డిక్కీ కిందికి దూరి, కారుని పైకి నెడుతోంది. గాలి నిజంగా కావాల్సిన రెండు పక్కల నోళ్లు పాత బంపర్ కంటే చిన్నవి, పైగా వాటిలో సన్న జాలీ. అన్నిటికంటే దారుణం, ఆ నోళ్ల నుంచి రేడియేటర్ దాకా గాలిని తీసుకెళ్లే ప్లాస్టిక్ డక్టులు తీసేశాడు, కొత్త బంపర్‌లో పట్టలేదని. టైర్ల ముందు కింద వేలాడే చిన్న రెక్కలు కూడా లేవు.

గాలి చాలా బద్ధకం మనిషి లాంటిది, సులువైన దారి దొరికితే అటే పోతుంది. రేడియేటర్ రెక్కల మధ్యలోంచి దూరడం దానికి కష్టం, పక్కన రెండు వేళ్ల సందు ఉంటే అందులోంచి జారుకుంటుంది. అందుకే కంపెనీవాళ్లు డక్టు పెట్టి, అంచుల్లో ఫోమ్ పెట్టి మూసేస్తారు. ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉంటేనే గాలి రేడియేటర్ లోంచి పోతుంది, రెండూ కావాలి. టైరు ముందు ఉండే ఆ రెక్కలు ఎదురొచ్చే గాలిని చీల్చి తమ వెనక ఒత్తిడి తగ్గిస్తాయి, అప్పుడు రేడియేటర్ దాటిన వేడిగాలి కిందికి లాగబడుతుంది. మనకి అవి పనికిరాని ప్లాస్టిక్ ముక్కల్లా కనిపిస్తాయి. డక్టు లేకపోతే ట్రాఫిక్‌లోనూ నష్టమే, ఫ్యాను బయటి చల్లగాలిని కాకుండా తాను వెనక్కి వదిలిన వేడిగాలినే ఆ సందుల్లోంచి మళ్లీ ముందుకి లాక్కుంటుంది. హెబ్బాళ్‌లో 102 రావడానికి కారణం అదే.

ఇది గుర్తుంచుకోండి, మీకు ఎప్పుడైనా పనికొస్తుంది. సిగ్నల్ దగ్గర మాత్రమే వేడెక్కి, స్పీడులో తగ్గితే ముందు ఫ్యాను అనుమానించాలి. స్పీడులో కూడా తగ్గకుండా పెరుగుతుంటే గాలి అందడం లేదు, లేదా లోపల కూలెంట్ సరిగా తిరగడం లేదు.

నాకు అనుమానం తీరక ఒక పని చేశాను. పారదర్శకంగా ఉండే సన్న ట్యూబు కొని, యూ ఆకారంలో చెక్కకి కట్టి, రంగు నీళ్లు పోసి, ఒక కొస రేడియేటర్ ముందు, ఇంకో కొస వెనక పెట్టాను. రెండువైపులా నీటి మట్టం తేడానే ఒత్తిడి తేడా. ట్యాంకు మార్చాక, పొద్దున ఐదింటికి, అన్న పక్కన కూర్చుని చూస్తుండగా 80 స్పీడులో నడిపాను. ఆ స్పీడులో బెంగళూరు గాలికి ముక్కు దగ్గర వచ్చే పూర్తి ఒత్తిడి లెక్క ప్రకారం సుమారు 27 మిల్లీమీటర్ల నీటి మట్టం. ఆ కిట్‌తో నాకు వచ్చిన తేడా 6. తర్వాత కంపెనీ బంపర్, డక్టులు, రెక్కలు అన్నీ పెట్టి అదే రోడ్డులో చూస్తే 19. వందల్లో అయ్యే ఖర్చుతో ఎవరైనా చేసుకోగలిగే పరీక్ష ఇది. లక్షన్నర కిట్ అమ్మేవాడు ఒక్కసారైనా చేసి ఉండాల్సింది. స్పీడు రెట్టింపైతే ఈ ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది కాబట్టి, సిటీలో తిప్పి చూసి బాగుందని అనుకోవద్దు, హైవేలోనే చూడాలి.

స్ప్లిటర్ అసలు పనికిరాదని నేను అనడం లేదు. సరిగా కట్టిన స్ప్లిటర్ పైన ఆగిన గాలి కిందికి నొక్కుతుంది, కింద వేగంగా పోయే గాలి వల్ల ఒత్తిడి తగ్గుతుంది, ముందు టైర్లకు పట్టు పెరుగుతుంది. కానీ దాన్ని చాసిస్‌కి గట్టిగా బిగించాలి, మనిషి నిలబడ్డా వంగకూడదు. నాకు వేసింది నాలుగు సన్న స్క్రూలతో బంపర్‌కే వేలాడుతోంది.

ఇదే షాపులో నా ఫ్రెండ్‌కి ఇంకో సలహా ఇచ్చారు, అదీ చెప్పేస్తాను. అతని కారుకి ఇంజిన్ ముందే ఉంటుంది. బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి కాస్త పైకి లేపితే వేడి బయటికి పోతుందన్నారు. నిలబడి ఉన్నప్పుడు కాస్త పోవచ్చు. స్పీడులో మాత్రం విండ్‌షీల్డ్ మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ, అందుకే క్యాబిన్‌లోకి గాలి తీసుకునే జాలీ అక్కడ పెడతారు. అక్కడ సందు చేస్తే వేడి బయటికి రావడం పోయి బయటి గాలి లోపలికి దూరుతుంది, రేడియేటర్ వెనక ఒత్తిడి పెరిగి కూలింగ్ ఇంకా పాడవుతుంది.

షాపు దగ్గరికి వెళ్లి అడిగితే "సార్, మీ కారు పాతది, వాటర్ పంపు పోయుంటుంది" అన్నాడు. పంపు బాగానే ఉంది, అన్న చెక్ చేశారు. సరే, నా పాత బంపర్, డక్టులు తిరిగివ్వమంటే స్క్రాప్‌కి పంపించేశామన్నాడు. పగిలిన బంపరే అయినా అది నాది, ఆ డక్టులకి ఒక్క గీత కూడా లేదు. దయచేసి ఎవరూ ఈ తప్పు చేయకండి, విప్పిన ప్రతి ముక్కా, క్లిప్పులతో సహా, అదే రోజు ఇంటికి తెచ్చుకోండి. కొత్త బంపర్, డక్టులు, ట్యాంకు, మళ్లీ పెయింటు, అన్నీ కలిపితే కిట్ ఖర్చు దాటిపోయింది. ఈ కారులో కూలెంట్ పైపులు వెనక నుంచి ముందు దాకా పొడవుగా ఉంటాయి కాబట్టి ఊరికే పోస్తే గాలి బుడగలు ఉండిపోతాయి, వాక్యూమ్ పెట్టి నింపాలి, దానికీ వేరే ఖర్చు.

అన్న ఇంకోటి చూపించారు, దీనికి షాపుతో సంబంధం లేదు కానీ బెంగళూరు వాళ్లందరికీ పనికొస్తుంది. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో గుప్పెడు ఎండు ఆకులు, కానుగ పూలు, రోడ్ల మీద రాలే గులాబీ రంగు టబేబుయా పూరేకులు గట్టి మెత్తలా పేరుకుపోయి ఉన్నాయి. బయటి నుంచి చూస్తే కనిపించవు, బంపర్ విప్పాల్సిందే. ఏడాదికోసారి విప్పి, మెత్తటి బ్రష్షుతో, తక్కువ ప్రెషర్ నీళ్లతో శుభ్రం చేయించండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేడియేటర్ రెక్కలు వంగిపోతాయి. నోళ్లకి జాలీ పెట్టుకోండి, కానీ కళ్లు పెద్దవిగా ఉన్నది. నిజంగా కూలింగ్ పెరగాలంటే నా కారులో ముందు చేయాల్సింది ఇదే, దీనికైన ఖర్చు కిట్‌లో పదో వంతు కూడా కాదు.

కొనాలనే నిర్ణయించుకుంటే బంపర్‌ని పెయింట్ కాకముందు, వెనకవైపు ఫొటోతో సహా చూడండి. మీ కారుకి రేడియేటర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకుని, ప్రతి నోటి వెనక ఏముందో, డక్టు ఎలా కలుస్తుందో చూపించమనండి. చూపించలేకపోతే వచ్చేయండి. మెటీరియల్ పేరు బిల్లులో రాయించుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు గురించి ముందే చెప్పండి. కారు నిర్మాణంలో మార్పుల మీద మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దీని మీద గట్టిగానే చెప్పింది, షాపువాళ్లు ఆ మాట ఎత్తరు.

నేను ముందు 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. షాపు నుంచి జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను, సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయొచ్చు. జీఎస్‌టీ బిల్లు లేకపోయినా యూపీఐ రసీదు, వాట్సాప్‌లో "పీపీ మెటీరియల్" అని ఆయన పంపిన మెసేజ్, ఎస్టిమేట్ చీటీ, ఓబీడీ స్క్రీన్‌షాట్లు, మెకానిక్ రాసిచ్చిన రిపోర్టు అన్నీ జత చేశాను. వాట్సాప్‌లో ఏదీ డిలీట్ చేయకండి. కేసు నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. కిట్ మాత్రం అలాగే మా పార్కింగ్‌లో ఉంచాను, ఎవరికైనా డక్టులు లేని బంపర్ లోపల ఎలా ఉంటుందో చూడాలనిపిస్తే వచ్చి చూడొచ్చు, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.