సెకండ్ హ్యాండ్ గోల్ఫ్ హైబ్రిడ్ కొనేముందు హెడ్ తిప్పి చూడండి

హైదరాబాద్‌లో పాత గోల్ఫ్ సెట్లు అమ్మే ఒక షాపులో ఈమధ్య ఒక 4వ నంబర్ హైబ్రిడ్ తీసుకున్నాను. హైబ్రిడ్ అంటే వుడ్, ఐరన్ అనే రెండు రకాల క్లబ్బులకు (బంతిని కొట్టే కర్రలకు) మధ్యరకం. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. అదే రకం సరుకు ఇంకెక్కడైనా మీకూ తగలొచ్చు, అందుకే చెబుతున్నా.

"కంపెనీ షాఫ్టే సార్, రెగ్యులర్ ఫ్లెక్స్, గీత కూడా పడలేదు" అన్నాడు షాపాయన. (షాఫ్ట్ అంటే క్లబ్ కాడ, దాని కొసన బంతిని కొట్టే భాగం హెడ్; ఫ్లెక్స్ అంటే కాడ ఎంత వంగుతుందో.) పైకి చూస్తే ఆయన మాట నిజమే. కానీ ఎలా కొట్టినా బంతి సరిగ్గా లేవదు, కుడివైపుకు పోతుంది. కొన్నాళ్లకు లోపల గలగలమని చప్పుడు. ఒకరోజు ప్రాక్టీస్ రేంజ్‌లో చేత్తో పట్టుకుని తిప్పితే హెడ్ కదిలింది! స్వింగ్ మధ్యలో ఊడి పక్కవాళ్లకు తగిలి ఉంటే?

రిపేర్ చేసేవాళ్లతో ఊడదీయిస్తే సంగతి బయటపడింది. హైబ్రిడ్ హెడ్‌కి మామూలుగా కొస 0.370 అంగుళాలుండే షాఫ్ట్ పడుతుంది. ఇందులో ఫెయిర్‌వే వుడ్‌కి వాడే 0.335 షాఫ్ట్‌ని కొస వైపు కోసి దూర్చారు. సందులో పల్చటి ఇత్తడి రేకు, అదీ సగం వరకే, మిగతాదంతా జిగురు. రేకు పెట్టడం తప్పేమీ కాదు, సరిగ్గా పెడితే బాగానే పనిచేస్తుంది. చెప్పకుండా, అరకొరగా పెట్టి 'కంపెనీ షాఫ్ట్' అనడమే మోసం. పైగా కొస వైపు కోస్తే షాఫ్ట్ గట్టిపడుతుంది. పైన మాత్రం 'రెగ్యులర్' అని కొత్త స్టిక్కర్.

వెనక్కి తీసుకోమంటే "వాడేశారు కదా సార్" అన్నాడు. తర్వాత ఫోనెత్తడం మానేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను.

కొనేటప్పుడు హెడ్‌కీ షాఫ్ట్‌కీ మధ్యనున్న నల్ల ప్లాస్టిక్ రింగు చూడండి. కింద సందు కనిపించినా, జిగురు మరక ఉన్నా షాఫ్ట్ మార్చారేమోనని అనుమానించాల్సిందే. హెడ్‌ని గట్టిగా తిప్పండి, చెవి దగ్గర ఊపండి.

ఇంకోటి, అడుగున ఉన్న నంబర్ నమ్ముకోవద్దు. లాఫ్ట్, అంటే హెడ్ ముఖం వాలు, ఒక కంపెనీ 4 హైబ్రిడ్‌కి 22 డిగ్రీలైతే ఇంకొకరిదానికి 23 ఉంటుంది. డిగ్రీలు అడిగి, మీ బ్యాగులో పైనా కిందా ఉన్న క్లబ్బులతో పోల్చుకోండి. 18 డిగ్రీల 5 వుడ్ ఉన్నవాళ్లకి కూడా "దూరం వస్తుంది సార్" అంటూ 19 డిగ్రీల 3 హైబ్రిడ్ అంటగడతారు. బ్యాగులో పెట్టుకోనిచ్చేవే 14 క్లబ్బులు, అందులో రెండు ఒకే దూరానికి ఎందుకు? బంతి ఇప్పటికే ఎడమకు తిరిగిపోతోందా, డ్రా బయాస్ ఉన్న మోడల్ (కుడిచేతి ఆటగాళ్ల బంతిని ఎడమకు తిప్పేలా చేసినది) జోలికి పోకండి. దాంతో ఇంకా తిరుగుతుంది.

షాపు మ్యాట్ మీద నాలుగు షాట్లు బాగా పడ్డాయని మురిసిపోవద్దు. క్లబ్ ముందే నేలకు తగిలినా మ్యాట్ మీద జారి బంతిని కొట్టేస్తుంది, గడ్డిలో అయితే అక్కడే దిగబడుతుంది. ఒకసారి గడ్డి మీద కొట్టనిమ్మని అడగండి. షాఫ్ట్ మార్చారో లేదో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఆ క్లబ్ అక్కడే వదిలేసి రండి.