సరుకు వచ్చాక కొలవడమా, తయారయ్యే చోటే చూడటమా?

వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల కోసం బుష్‌లు (షాఫ్ట్ తిరిగే లోహపు గొట్టాలు) చేసిచ్చే లేత్ షాపును ఎంచుకోవడానికి రెండు దారులున్నాయి.

వచ్చిన సరుకులో శాంపిల్ కొలవడం సులువు. వెయ్యి బుష్‌ల లాటుకు శాంపిల్ తనిఖీకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 2859-1 పట్టిక (సాధారణ తనిఖీ, లెవెల్ 2, ఏక్యూఎల్ 1.0, అంటే నూటికి 1 వరకు చెడ్డవి ఒప్పుకునే స్థాయి) ప్రకారం 80 తీసి కొలవాలి. 2 వరకు చెడ్డవైతే తీసుకోవచ్చు, 3 వస్తే లాటంతా వాపస్. చిక్కేమిటంటే, నూటికి 3 చెడ్డవున్న లాటు కూడా పాసయ్యే అవకాశం 57 శాతం దాకా ఉంటుంది. పత్తి సీజన్ నడుమ వాపస్ పంపితే మిల్లు ఆగుతుంది, అదింకో నష్టం.

షాపుకే పోతే ఒక పూట పడుతుంది, కానీ అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. ఆపరేటర్ దగ్గరి డ్రాయింగ్ రివిజన్ (సవరణ నంబరు), మీ ఆర్డర్‌లోని రివిజన్ ఒకటేనా? బోర్ గేజ్ (బోరు, అంటే లోపలి రంధ్రం కొలిచే సాధనం) కాలిబ్రేషన్ (సరిచూసే) తేదీ దాటిందా? ఇన్సర్ట్ (లేత్‌లో లోహాన్ని కోసే మొన) అరిగేకొద్దీ బోరు సన్నబడుతుంది. కాబట్టి ఎన్ని పీసులకోసారి కొలుస్తున్నారో, ఇన్సర్ట్ మార్చాక మొదటి పీసు కొలత రాస్తున్నారో లేదో అడగండి. రిజిస్టర్‌లో 25 మి.మీ. బోరుకు ప్రతి గడిలో 25.00 అనే ఉంటే, ఒకే పెన్నుతో ఒకే ఊపులో రాసి ఉంటే, నమ్మకండి. నిజంగా కొలిస్తే 25.01, 24.99 పడతాయి. వరుసగా 50 పీసుల కొలతలు అడిగి సీపీకే (కొలతలు ఇచ్చిన హద్దుల్లో ఎంత నిలకడగా ఉన్నాయో చెప్పే సంఖ్య) లెక్కగట్టండి, కనీసం 1.33 ఉండాలి.

కొత్త షాపైతే ఇలా పోయి చూసే ఆడిట్ లేకుండా ఆర్డరివ్వద్దు. శాంపిల్ తనిఖీ మాత్రం మానొద్దు: తర్వాతి లాటులో కొలతలు తప్పితే ఆనాటి ఆడిట్‌కు దొరకదు.