డబ్ల్యూసీ3270: ఏళ్ల వాడకం తర్వాత

రోజంతా మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటి సంస్థలు వాడే పెద్ద కంప్యూటర్) మీద పనిచేసేవాళ్లకు డబ్ల్యూసీ3270 చాలు. విండోస్‌లో మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్ స్క్రీన్‌ను తెరిచే ప్రోగ్రామ్, అంటే ఎమ్యులేటర్ ఇది. చాలామందికి ఆఫీసు ఇచ్చే ఖరీదైన ఎమ్యులేటర్ కన్నా ఇదే నయమని నా నమ్మకం. బెంగళూరులో బ్యాచ్ సపోర్టులో, అంటే మెయిన్‌ఫ్రేమ్‌లో వరుసగా నడిచే జాబులను చూసుకునే పనిలో ఏళ్లుగా ఉన్నాను. ఐబీఎం వాళ్ల ఎమ్యులేటర్ పీకామ్‌నూ దీన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన వాడుతున్నాను. సెక్యూరిటీ టీమ్‌ను అడిగి అనుమతితోనే వేయించుకున్నాను, మీరూ అలాగే చేయండి. ఇది ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందుబాటులో ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లకు ఇదే కుటుంబంలో ఎక్స్3270 ఉంది.

మారతహళ్లిలో గట్టి వాన పడితే నెట్ సంగతి ఇక్కడున్న మనవాళ్లకు తెలిసిందే. వీడియో కాల్ తెగిపోతుంది, రిమోట్ డెస్క్‌టాప్ ఈడుస్తుంది, 3270 సెషన్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ గొప్పతనం ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌ది కాదు, 1971లో ఐబీఎం తెచ్చిన 3270 టెర్మినల్ పద్ధతిది. మనం టైప్ చేసే ప్రతి అక్షరమూ హోస్టుకు, అంటే మెయిన్‌ఫ్రేమ్‌కు వెళ్లదు. ఎంటరో పీఎఫ్ కీయో (ఫంక్షన్ కీ) నొక్కినప్పుడు, మనం మార్చిన ఫీల్డులు మాత్రమే వెళతాయి. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, స్క్రీన్ మొత్తం కలిపినా 1920 అక్షరాలే. వీపీఎన్ పూర్తిగా తెగితే మాత్రం మళ్లీ లాగిన్ అయ్యేటప్పుడు టీఎస్ఓ (మెయిన్‌ఫ్రేమ్‌లో మనం లాగిన్ అయి పనిచేసే వ్యవస్థ) లాగాన్ స్క్రీన్ కింద రీకనెక్ట్ పక్కన ఎస్ పెట్టండి. చాలాసార్లు వదిలిన చోటే దొరుకుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది దీని కింది స్టేటస్ లైన్. కొత్తగా చేరిన పిల్లలు తరచూ "అక్కా, కీబోర్డ్ హ్యాంగ్ అయింది" అంటూ టెన్షన్‌గా వస్తారు. వెళ్లి చూస్తే ఐఎస్‌పీఎఫ్ (మెయిన్‌ఫ్రేమ్‌లో మెనూలు, ఎడిటర్ ఇచ్చే సాధనం) ఎడిట్‌లో ఉంటారు, ఇన్సర్ట్ మోడ్ ఆన్‌లో ఉంటుంది. లైన్ చివర ఖాళీగానే కనిపిస్తుంది కానీ అక్కడ నిండా స్పేసులుంటాయి, కొత్త అక్షరానికి చోటుండదు. పీకామ్‌లో అక్కడ బొమ్మల గుర్తులు కనిపిస్తాయి, అర్థం తెలిసినవాళ్లకే తెలుస్తాయి. ఇక్కడ "ఎక్స్ ఓవర్‌ఫ్లో" అని మాటల్లోనే చూపిస్తుంది. మార్చకూడని ఫీల్డులో టైప్ చేస్తే "ఎక్స్ ప్రొటెక్టెడ్" అంటుంది. రీసెట్ కొట్టి, కమాండ్ లైన్‌లో నల్స్ ఆన్ (లైన్ చివరి స్పేసులను నిజమైన ఖాళీగా మార్చే కమాండ్) ఇస్తే ఓవర్‌ఫ్లో గొడవ తీరిపోతుంది.

స్క్రీన్ సైజు మోడల్ 5 పెట్టుకోండి. 27 వరుసలు, 132 అక్షరాలు వస్తాయి. ఎస్‌డీఎస్‌ఎఫ్‌లో (జాబులనూ వాటి ఫలితాలనూ చూపే సాధనం) జాబ్ అవుట్‌పుట్ చదివేటప్పుడు మాటిమాటికీ పీఎఫ్11 నొక్కి పక్కకు జరిగే బాధ చాలావరకు తప్పుతుంది. ఐఎస్‌పీఎఫ్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఫార్మాట్‌ను మ్యాక్స్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే మోడల్ మార్చినా స్క్రీన్ 24 వరుసల దగ్గరే ఆగిపోవచ్చు.

స్క్రిప్టుల కోసం ఇదే కుటుంబంలో ఎస్3270 ఉంది. పొద్దున్నే లాగిన్ అయి, రాత్రి జాబుల స్టేటస్ చూసి, స్క్రీన్‌లోని అక్షరాలను ఫైల్లో రాసిపెట్టే పని దానికే అప్పగించాను. ప్రతి ఎంటర్ తర్వాత వెయిట్ ఇవ్వాలి, హోస్టు జవాబు రాకముందే తర్వాతి కమాండ్ పంపితే స్క్రిప్ట్ తప్పుదారి పడుతుంది. పాస్‌వర్డ్‌ను మాత్రం స్క్రిప్టులో రాయొద్దు, ఏ కారణం చేతనైనా సరే.

ఇక లోపాలు. సెషన్ సెటప్ అంతా నల్లటి కన్సోల్‌లో ప్రశ్నలు, జవాబులుగా నడుస్తుంది. మెనూలకు అలవాటు పడ్డవాళ్లకు మొదట్లో చిరాకు. పీకామ్‌లో మామూలుగా కుడి కంట్రోల్ కీయే ఎంటర్, ఇక్కడ ఎంటర్ కీయే ఎంటర్. చేతి అలవాటు మారడానికి టైమ్ పడుతుంది, అక్కర్లేదనుకుంటే కీమ్యాప్ మార్చుకోవచ్చు. ఎమ్యులేటర్ నుంచే ఫైళ్లు పంపే ఇండ్‌ఫైల్‌తో ఫైల్ ట్రాన్స్‌ఫర్ పెద్ద ఫైళ్లకు నెమ్మది, వాటికి ఎఫ్‌టీపీ దారే మంచిది. ఎక్స్‌మిట్ ఫైళ్లను (మెయిన్‌ఫ్రేమ్ డేటాను ఒకే ఫైలుగా కట్టిన మూటలు) బైనరీలోనే, అంటే ఏమీ మార్చకుండా పంపాలి. ఆస్కీలో (టెక్స్ట్‌గా) పంపితే అక్షరాలు మారిపోయి, ఆ మూట విప్పే రిసీవ్ కమాండ్ ఫెయిలవుతుంది.

కనెక్ట్ అయ్యేటప్పుడు హోస్టు పేరు ముందు ఎల్, కోలన్ పెడితే టీఎల్ఎస్‌తో (డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) వెళుతుంది. పోర్టు సాధారణంగా 992, ఎందుకైనా మంచిది మీ నెట్‌వర్క్ టీమ్‌ను అడిగి చూసుకోండి. సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే తనిఖీని ఆపేసి ముందుకు పోవద్దు. బ్యాంకు డేటా వెళ్లే దారి అది. హోస్టు అసలుదేనని తేల్చే కంపెనీ రూట్ సర్టిఫికెట్ ఇప్పించుకుని, ఆ తర్వాతే లాగిన్ అవ్వండి.